యోక్ నెట్టే ముందు

బోయింగ్ 737 కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల మధ్య, మోకాలి పక్కనే ట్రిమ్ చక్రం ఉంటుంది. నల్లటి చక్రం, మీద తెల్లటి గీత. ఆటోపైలట్ నడుపుతున్నప్పుడు దానంతటదే గరగరమని తిరిగి ఆగుతుంటుంది. సిమ్యులేటర్‌లో నా దగ్గర నేర్చుకునేవాళ్ల చూపు ఎప్పుడూ తెరల మీదే. ఆ చప్పుడు వినండి అని నేను పోరుతుంటాను.

ఆటోపైలట్ ముందు ఎలివేటర్‌ను, అంటే తోక రెక్క వెనక అంచున కదిలే పలకను, కదుపుతుంది. దాన్ని అదేపనిగా ఒకవైపే పట్టి ఉంచాల్సి వస్తే, ఆ బరువు దించుకోవడానికి తోక దగ్గరి స్టెబిలైజర్ కోణాన్నే మారుస్తుంది. ట్రిమ్ చేయడమంటే ఇదే, చక్రం తిరిగేది అప్పుడే. ఫ్లాప్స్ దించినా, వేగం తగ్గినా జరిగేది ఇదే. స్టెబిలైజర్ చాలా పెద్దది. అది ఒకవైపు చివరిదాకా పోతే ఎలివేటర్ బలం దాని ముందు చాలదు.

చిక్కల్లా ఆటోపైలట్ ఉండగానే మనిషి యోక్‌ను, అంటే విమానం ముక్కును పైకీ కిందకీ తిప్పే చేతి పిడిని, నెట్టినప్పుడు. మన ఉద్దేశం దానికి తెలియదు. విమానం తన దారి తప్పుతోందనుకుని, ఎదురు ట్రిమ్ చేస్తుంది.

1994 ఏప్రిల్ 26న జపాన్‌లోని నగోయాలో జరిగింది అదే. చైనా ఎయిర్‌లైన్స్ 140, ఎయిర్‌బస్ ఏ300-600ఆర్. దిగబోతుండగా కో-పైలట్ చెయ్యి పొరపాటున గో-అరౌండ్ లీవర్‌కు తగిలింది. దిగకుండా మళ్లీ పైకి లేవడానికి వాడేది అది. తర్వాత ఆటోపైలట్ కూడా పెట్టారు. దిగాలని కో-పైలట్ యోక్ ముందుకు నెడుతున్నాడు. పైకి పోవాలని ఆటోపైలట్ స్టెబిలైజర్‌ను మైనస్ 5.3 నుంచి మైనస్ 12.3 డిగ్రీలకు తిప్పేసింది. ఆ విమానంలో గో-అరౌండ్ మోడ్‌లో యోక్ నెట్టినంత మాత్రాన ఆటోపైలట్ ఊడదు. ఊడేలా మార్చుకోమని ఎయిర్‌బస్ 1993లోనే సూచించింది. ఆ మార్పు ఈ విమానానికి ఇంకా చేయలేదు. చివరికి ఇంజన్ల శక్తి పెరగగానే ముక్కు 50 డిగ్రీలు దాటి లేచి, విమానం స్టాల్ అయింది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోయాయి. 271 మందిలో 264 మంది చనిపోయారు.

“ఆటోపైలట్ తీసేస్తే సరిపోయేది కదా సార్?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. తీసేశారు. స్టెబిలైజర్ మాత్రం ఎక్కడికి పోయిందో అక్కడే ఉండిపోయింది. ఈ జవాబు వాళ్లకు ఒంటబట్టాలి, అదొక్కటే నా ఆరాటం.

అందుకే సిమ్యులేటర్‌లో ఆటోపైలట్ ట్రిమ్‌ను పనిచేయకుండా చేసి, వేగం తగ్గనిస్తాను. ముక్కు పడకుండా ఆటోపైలట్ ఎలివేటర్‌తోనే మోస్తుంటుంది. ‘స్టాబ్ అవుట్ ఆఫ్ ట్రిమ్’ దీపం వెలుగుతుంది. కంగారులో డిస్‌కనెక్ట్ నొక్కితే, అంతసేపూ మోసిన బరువంతా ఒక్కసారిగా చేతుల్లో పడి ముక్కు దిగిపోతుంది. “ముందు యోక్ గట్టిగా పట్టుకో, ఆ తర్వాతే బటన్” అంటాను. బరువు చేతికి అందాక, బొటనవేలి కింది స్విచ్‌తో కొంచెం కొంచెంగా ట్రిమ్ చేసుకుంటూ రావాలి, యోక్ తేలికయ్యేదాకా.