బుడగ కింద ఏముంది?

మేం ఉండేది అమెరికాలోని అన్నాపొలిస్‌ దగ్గర. పక్కనే చీసపీక్‌ అఖాతం. చుట్టుపక్కల చాలామందికి పడవలున్నాయి. ఆ సరదా అంటుకుని నేనూ ఓ పాత తెరచాప పడవ కొన్నాను. ఇరవై ఆరు అడుగులది. తెరచాపను మోసే అల్యూమినియం స్తంభాన్ని మాస్టు అంటారు. మా మాస్టు మీద రంగు అక్కడక్కడా బుడగలు కట్టింది. కిందటేడు మే నెలలో క్రేనుతో దింపించి బల్లల మీద పడుకోబెట్టాం.

‘ఏముందీ, కాస్త గీకి రెండు కోట్లు వేస్తే శని, ఆదివారాల్లో అయిపోతుంది’ అనుకున్నాను. వేసవి సెలవులివ్వగానే పడవెక్కిస్తానని పాపకు మాటిచ్చాను మరి!

అప్పటికి నాన్న కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ఏటా సంక్రాంతికి మా ఇంటి కిటికీ ఊచలకు రంగు వేసేది ఆయనే. బుడగను గోటితో నొక్కి, ‘‘దీని కింద ఏముందో చూశావా?’’ అన్నారు.

‘‘చూసేదేముంది నాన్నా, లప్పం పెట్టేస్తా.’’

ఆయనేం మాట్లాడలేదు. ఉప్పు కాగితం తీసుకుని కూర్చున్నారు.

రంగు ఊడింది. లోపలంతా తెల్లటి పొడి. మాస్టుకు బిగించిన మరలేమో స్టెయిన్‌లెస్‌ స్టీలువి. రెండు వేర్వేరు లోహాలు తగులుతున్నచోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్లే. స్టీలుకేం కాదు, అల్యూమినియాన్నే కొద్దికొద్దిగా తినేస్తుంది. మాస్టును పక్కల నుంచి పట్టి ఉంచే తీగ బిగించిన చోట పొడి తుడిస్తే, చిటికెన వేలు దూరేంత రంధ్రం! ఈదురుగాలిలో ఆ తీగ ఊడివస్తే మాస్టు మా నెత్తినే పడేది. పాప గుర్తొచ్చి నా కాళ్లు వణికాయి.

మాస్టుల పని తెలిసినాయన్ని పిలిచాం. వెల్డింగ్‌ వేడికి ఆ చోట బలం తగ్గుతుందని, లోపల మరో అల్యూమినియం గొట్టం దూర్చి బిగించాడు. మిగతా పని మాది. మరలన్నీ విప్పాం. ఇనుప బ్రష్షు వాడలేదు. దాని రేణువులు ఇరుక్కుంటే మళ్లీ అదే గొడవ. రుద్దిన అల్యూమినియం మీద గాలి తగలగానే సన్నటి పొర కడుతుంది. అందుకే రుద్దినచోట ఆరోజే ఎపాక్సీ ప్రైమరు పట్టించాం. పైన పాలీయురేథేన్‌ రంగు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదని నాన్నను దూరంగా కూర్చోబెట్టి, నేను మాస్కు తగిలించుకుని వేశాను. మరలు మళ్లీ బిగించేటప్పుడు రెండు లోహాలూ నేరుగా తగలకుండా వాటికి పూత రాశాం.

రంగు వెయ్యడానికి పట్టింది రెండు రోజులే. అంతకుముందు పనికి మూడు వారాలు! సెలవుల్లో పది రోజులు గడిచిపోయాయని పాప అలిగింది కూడా.

నాన్న తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం అందరం పడవెక్కాం. ‘‘తాతయ్యా, ఎంత తెల్లగా మెరుస్తోందో చూడండి!’’ అంది పాప. నాన్న రంగు వంక చూడనే లేదు. పక్కనున్న తీగను పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశారు.

‘‘ఊఁ, ఇక పదండి’’ అన్నారు. అప్పుడు తెరచాప ఎత్తాను.