తాబేలమ్మ పుట్టిల్లు

రాజమండ్రిలోనే పుట్టి పెరిగినా, మా గోదారి సముద్రంలో కలిసే చోటు నేనెప్పుడూ చూడలేదు. మొన్న శివరాత్రి వెళ్ళాక కాకినాడలో ఉండే మా ఆడపడుచు "హోప్ ఐలాండ్ చూద్దువుగాని రావే" అంటే, పులిహోర, దద్దోజనం కట్టుకుని మావారూ, నేనూ, ఇంటర్ చదివే మా అమ్మాయీ బయల్దేరాం.

కాకినాడ నుంచి పడవ మీద వెళ్ళాలి. ఒకవైపు కోరంగి మడ అడవులు, ఎదురుగా సన్నగా పొడుగ్గా ఇసుక దీవి. సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది. రెండొందల ఏళ్ళ కిందట ఈ దీవే లేదట! గోదారి మోసుకొచ్చిన ఇసుక పోగుపడి ఏర్పడింది. సముద్రపు పోటు నేరుగా కాకినాడ మీద పడకుండా కాపు కాసేది ఇదే. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యంలో ఇదీ భాగమే.

దిగగానే ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడల్లాంటివి కనిపించాయి. "రాత్రి తాబేలు వచ్చెళ్ళిందండమ్మగారూ, గుడ్లెట్టడానికండి" అన్నాడు పడవ నడిపే అతను.

వీటిని ఆలివ్ రిడ్లే తాబేళ్ళంటారు. ఏ తీరాన పుట్టాయో పెద్దయ్యాక ఆ ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. అంటే మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టే! జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట వచ్చి, గొయ్యి తీసి, నూరుకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలట. కుక్కలు, నక్కలు తినేయకుండా అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచె లోపల పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని చంపినా, గుడ్లు తీసినా నేరం.

కాస్త దూరం నడిచామో లేదో, ఒక పెద్ద తాబేలు చచ్చి పడి ఉంది. మా ఆడపడుచు "కూర్మావతారం తల్లీ" అని దణ్ణం పెట్టింది. తాబేలు ఊపిరికి నీటి పైకి రావాలి. ట్రాలర్ల వలలో చిక్కితే రాలేక చచ్చిపోతుంది. వలకి తాబేలు తప్పించుకునే తలుపు లాంటి పరికరం ఉంది గానీ, రొయ్యలు కూడా జారిపోతాయని చాలామంది పెట్టరు. వేట నిషేధం చూస్తే ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి పురుళ్ళన్నీ దాదాపు అయిపోతాయి!

ఆ పక్కనే ఇసుకలో ఒక క్యారీబ్యాగు. ముడి విప్పితే లోపల పూలదండ దారం, అగరొత్తి పుల్లలు. మా అమ్మాయి నా మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వు పుష్కరఘాట్‌లో వేసేది ఇలాంటిదే కదూ?" అంది. సముద్రంలో తేలే సంచుల్ని జెల్లీచేపలనుకుని తాబేళ్ళు మింగేస్తాయని దానికి కాలేజీలో చెప్పారట. నాకు నోట మాట రాలేదు. తాబేలమ్మకి పుట్టిల్లు కట్టిపెట్టిన గోదారి చేతే నేను విషం పంపిస్తున్నానన్నమాట!

తిరుగు ప్రయాణంలో ఆ సంచీని మా టిఫిను బుట్టలో వేసుకుని తెచ్చేశాం. ఇప్పుడు పూజ పూలన్నీ పెరట్లో గోతిలో వేసి మట్టి కప్పుతున్నాను. బజారుకి గుడ్డ సంచీ తప్ప పట్టుకెళ్ళను. మావారు "తాబేళ్ళకి ఆడపడుచువయ్యావే" అని నవ్వుతారు. అవుతే తప్పేముంది? పెరట్లో చామంతులు మాత్రం ఈ ఏడు విరగబూశాయి.