కత్తి కొనబోతే...

సెలవులకొచ్చిన మా తమ్ముడి కొడుకు, "అత్తా, విసిరే కత్తి కొనిపెట్టవూ?" అన్నాడు. నవ్వకండి. నాకు తెలిసిన కత్తల్లా వంటింట్లోదే. గురి చూసి చెక్కకు కొట్టే ఆటే కదా అని నంద్యాల బజారుకు బయల్దేరాం.

తళతళలాడే జత దొరికింది. చౌకే, కానీ పట్టుకుంటే అప్పడంలా ఉంది! తేలిక కత్తి గిరగిరా తిరుగుతుందేగాని చెక్కలో దిగదట, తగిలి వెనక్కెగురుతుందట. జానెడుకు కాస్త పైన పొడవు, పావుకిలో బరువు, పిడి అతకని ఒకే ఉక్కుముక్క కావాలిట. పదును మొనకే, అంచుకొద్దుట. పాఠాల మీద ఇంత శ్రద్ధ ఉంటేనా!

మర్నాడు ఆళ్లగడ్డ. శిల్పుల ఉలులు సానబట్టే కొలిమి దగ్గర అడిగితే, ఆ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి మీదికమ్మా?" అన్నాడు. ఈ సీమలో అది వేళాకోళపు ప్రశ్న కాదు.

"చెక్కమీదికే నాయనా" అన్నాను. నవ్వలేదు. పాత లారీ కమాను పట్టీ ముక్క తీసుకుని, అలుగు ఆరంగుళాలకే ఆపాడు. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల ప్రకారం, ఇంటికీ సేద్యానికీ కాని కత్తికి అలుగు తొమ్మిదంగుళాలు దాటినా, వెడల్పు రెండు దాటినా అది ఆయుధమే. ఆయనకది కంఠతా వచ్చు. బజారు జత కన్నా తక్కువే తీసుకున్నాడు.

తిరుగు బస్సులో వాడు పక్కాయనకు చూపించబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తువ్వాల్లో చుట్టి, బంగినపల్లి మామిడిపళ్ల కింద దాచి ఇల్లు చేర్చాను.

పెరట్లో బూరుగుమొద్దు నిలబెట్టాం. వారమైంది, రెండుసార్లే దిగింది. పక్కింటావిడ మాత్రం గోడమీంచి పచ్చడందించడం మానేసింది.