రక్తపరీక్ష కాగితం – మా అనుభవం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడం గారు అడిగినప్పుడు మేము చాలా ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు, గురువుల గొప్పతనం, స్నేహం మీద కవితలు ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. అవి రాసేవాళ్ళు మాకంటే బాగా రాస్తారు. అందుకని మేము రక్తపరీక్ష కాగితం గురించి రాద్దామనుకున్నాం. వినడానికి చప్పగా ఉండొచ్చు. కానీ ఆ కాగితం మూలంగా మాలో ఒకరి చదువు ఆగిపోవలసి వచ్చింది, అదే కాగితాన్ని సరిగ్గా చదివించుకోవడం మూలంగా మళ్ళీ నిలబడింది. కాబట్టి ఇది మీకు చెప్పి తీరవలసిన సంగతే.

మేము అంటే నలుగురం. నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టుపక్కల పల్లెలవాళ్ళం. మిరపకోతలకు, పత్తితీతలకు వెళ్ళే ఇళ్ళ పిల్లలం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. ఈ హాస్టల్లో పదో తరగతి దాకా ఒకే పళ్ళెం దగ్గర తిని, ఇప్పుడు 23 ఏళ్ళ వయసులో గుంటూరులో ఒకే గదిలో ఉండి పీజీ చదువుతున్నాం.

మాలో ఒకరికి (పేరు రాయడం లేదు, తనే వద్దంది) మొదటి సంవత్సరం సగంలో నీరసం మొదలైంది. పొద్దున లేవలేదు. రెండో అంతస్తుకు ఎక్కేసరికి ఆయాసం. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. అరికాళ్ళు తిమ్మిర్లు. చదివిన పేజీ మళ్ళీ చదవాల్సొచ్చేది. మార్కులు తగ్గాయి. ఇంట్లో వాళ్ళు మొదట బద్ధకం అన్నారు. తర్వాత "చదువు బరువైపోయిందిలే, ఇక చాలు" అన్నారు. మేనత్త గారి వైపు సంబంధం ఒకటి ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది.

ఎవరో థైరాయిడేమో అన్నారు. డాక్టరుకు చూపించకుండానే ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చింది. కాగితంలో టి.ఎస్.హెచ్. 6.2 అని లావు అక్షరాల్లో వచ్చింది. కౌంటర్లో కూర్చున్న అతను "థైరాయిడ్ వచ్చిందమ్మా, జీవితాంతం బిళ్ళ మింగాల్సిందే" అని చెప్పి పంపించాడు. ఆ మాట ఊరికి చేరింది. థైరాయిడ్ పిల్లకు పిల్లలు పుట్టరని ఒకరు, ఈ సంగతి బయటికి పొక్కకముందే పెళ్ళి చేసెయ్యమని ఒకరు. వాళ్ళ మామయ్య వచ్చి పెట్టె సర్దుకోమన్నారు. తను కూడా సరేనంది. తన ఒంట్లో ఓపిక లేదు, వాదించే శక్తీ లేదు.

మేము మామయ్య గారిని బతిమాలి ఒక్క వారం గడువు అడిగాం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ గారికి చూపించాం. ఆవిడ ల్యాబు కాగితం పక్కన పెట్టి ముందు ప్రశ్నలు అడిగారు. ఏం తింటున్నావు? నెలసరి ఎన్ని రోజులు, ఎంత ఎక్కువగా అవుతోంది? జుట్టుకోసం బిళ్ళలు ఏమైనా వాడుతున్నావా? చివరగా, "బియ్యం, బలపాలు తినే అలవాటుందా?" అని అడిగారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. హాస్టల్ రోజుల్నుంచీ తన పుస్తకాల సంచిలో బలపాల పెట్టె ఉండేది. అది చిన్నపిల్లల చేష్ట అనుకునేవాళ్ళం. ఒంట్లో ఇనుము తక్కువైనవాళ్ళకు ఇలా మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపించడం ఒక గుర్తు అని ఆవిడ చెప్పారు.

జుట్టు ఊడుతోందని తను మందుల షాపులో కొన్న బిళ్ళల్లో బయోటిన్ ఉంది. అది ఎక్కువ మోతాదులో వాడుతుంటే కొన్ని రకాల యంత్రాల్లో టి.ఎస్.హెచ్. లెక్క ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుందట. అందుకని ఆ బిళ్ళ కొన్ని రోజులు ఆపించి, మళ్ళీ పొద్దున పూటే రక్తం తీయించారు. ఈసారి పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్, విటమిన్ బి12, టి.ఎస్.హెచ్.తో పాటు ఫ్రీ టి4, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల పరీక్ష కూడా రాశారు.

ఫలితాలు ఇవి: హిమోగ్లోబిన్ 8.6, ఫెరిటిన్ 5, బి12 148, టి.ఎస్.హెచ్. 5.7. ఫ్రీ టి4 మామూలుగా ఉంది, యాంటీబాడీలు లేవు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇనుము తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గితే సగటు మామూలుగానే కనిపిస్తుంది. తన కాగితంలో కణాల సైజు 84 అని, అంటే హద్దులోనే ఉన్నట్టు వచ్చింది. అది ఒక్కటే చూసినవాళ్ళు లోపమే లేదనుకుంటారు.

డాక్టరమ్మ గారు చెప్పింది మాకు అర్థమైనంత వరకు రాస్తాం. పదో తరగతి జీవశాస్త్రంలో చదివిన అవటు గ్రంథే థైరాయిడ్. అది సరిగా పనిచేయకపోతే తలలో ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను ఎక్కువగా పంపి దాన్ని తొందర పెడుతుంది. టి.ఎస్.హెచ్. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం తేడా. 10 దాటి, టి4 కూడా తగ్గితే గ్రంథి నిజంగానే వెనకబడిందని అర్థం. 4.5కీ 10కీ మధ్య ఉండి టి4 బాగానే ఉంటే, చాలామందిలో కొన్ని నెలలకు దానంతట అదే తగ్గుతుంది. కాబట్టి ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. పైగా గ్రంథి హార్మోను తయారుచేయాలంటే అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కావాలి.

తనకు ఐరన్ బిళ్ళలు, బి12 ఇంజెక్షన్లు రాశారు. థైరాయిడ్ బిళ్ళ రాయలేదు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.8కి, టి.ఎస్.హెచ్. 3.4కి వచ్చాయి. టి.ఎస్.హెచ్. తగ్గింది ఇనుము వల్లేనా, మామూలుగానే తగ్గిందా అని మేము అడిగితే, ఖచ్చితంగా చెప్పలేనన్నారు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. మెట్లెక్కడం, పుస్తకం పట్టుకోవడం మాత్రం తనకు మళ్ళీ వచ్చాయి. పెట్టె సర్దలేదు. సెమిస్టరు పరీక్షలు మాతోనే రాసింది. మామయ్య గారే ఇప్పుడు ఫోన్ చేసి "బిళ్ళ వేసుకున్నావా అమ్మాయ్" అని అడుగుతున్నారు.

అయితే థైరాయిడ్ అంతా అపోహే అనుకోకండి. మాలో ఇంకొకరి అమ్మ సంగతి వేరు. వాళ్ళది రెంటచింతల వైపు. ఎండలకు పేరుపడ్డ ఆ ఊళ్ళ వైపు ఏప్రిల్ నెలలో కూడా ఆవిడ దుప్పటి కప్పుకునేది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, మిరపకోతల్లో సాలు వెంట అందరికంటే వెనకబడేది. వయసు మీదపడింది అనుకున్నారు. స్నేహితురాలి కాగితం చూశాక మేమే పట్టుబట్టి పరీక్ష చేయించాం. టి.ఎస్.హెచ్. 48, టి4 బాగా తక్కువ. ఆవిడకు బిళ్ళ తప్పదు, వాడుతోంది, మనిషి తేరుకుంది. ఆ బిళ్ళ పరగడుపున నీళ్ళతోనే వేసుకోవాలి. టీకైనా, టిఫినుకైనా అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఒంటికి పట్టదు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. సరిగ్గా వాడేవాళ్ళకు పిల్లలు పుట్టడానికి అది అడ్డం కాదు. గర్భం వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఒకే నీరసానికి ఇద్దరిలో రెండు కారణాలు. బయటినుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే కాగితం చేతికొచ్చినప్పుడు చూడవలసినవి నాలుగు మాటల్లో చెబుతాం.

1. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 కంటే తగ్గితే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంది. అంటే మన గదిలో ఇద్దరుంటే ఒకరికి ఉన్నట్టే.

2. ఫెరిటిన్ అంటే ఇనుము దాచుకున్న గాదె. పెద్దవాళ్ళలో 15 కంటే తగ్గితే గాదె ఖాళీ అయినట్టే. హిమోగ్లోబిన్ ఇంకా బాగానే ఉండగానే ఇది తగ్గిపోవచ్చు. జ్వరం, వాపు ఉన్నప్పుడు మాత్రం ఇది లేని ఎక్కువ చూపిస్తుంది.

3. బి12 సాధారణంగా 200 కంటే తగ్గితే లోపం అంటారు. తిమ్మిర్లు, మతిమరుపు దీనివల్ల రావచ్చు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది.

4. విటమిన్ డి 20 కంటే తగ్గితే లోపం కింద లెక్క. పల్నాడు ఎండలో లోపమేమిటని నవ్వకండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తరగతి గదుల్లో కూర్చునేవాళ్ళకు ఎండ ఎక్కడ తగులుతుంది?

లావు అక్షరాల్లో ఉన్నదల్లా జబ్బు కాదు, మామూలు అక్షరాల్లో ఉన్నదల్లా ఆరోగ్యం కాదు. కాగితం డాక్టరుకు చూపించండి. ల్యాబు కౌంటరు డాక్టరు కాదు.

ఇక మన వంటగది సంగతి. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళ కిటికీలోంచి ఎక్కడికి పోతుందో మాకు తెలుసు, మేమూ ఆ కిటికీ పక్క మంచాల మీద పడుకున్నవాళ్ళమే. దొడ్డికి నల్లగా వస్తుంది, కొంచెం వికారంగా ఉంటుంది, అంతకంటే ఏమీ కాదు. అన్నం తిన్నాక వేసుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ, ఉసిరికాయ ఉంటే బాగా పడుతుంది. నులిపురుగుల బిళ్ళ ఇచ్చిన రోజు ఎగ్గొట్టకండి. బి12 ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. కార్జంలో ఇనుమూ, బి12 రెండూ దండిగా ఉంటాయి. హాస్టల్లో పెట్టే గుడ్డు పక్కవాళ్ళకు ఇచ్చేసే చెల్లెళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. అయోడిన్ ఉప్పు మూత లేని డబ్బాలో పొయ్యి పక్కన పెడితే అందులో అయోడిన్ తగ్గిపోతుంది. మూత పెట్టమని వంట పిన్నికి మర్యాదగా చెప్పండి.

ఆ ఉప్పు వెనకా, ఆ బిళ్ళ వెనకా మన తెలుగువాళ్ళున్నారని తెలిసినప్పుడు మాకు చాలా గర్వమనిపించింది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయాల దగ్గరి కాంగ్రా లోయలో గొంతు వాపు జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన చోట ఆ జబ్బు తగ్గుతుందని చూపించారు. 1962లో దేశమంతటికీ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలో ఆయన నడిపిన బృందమే 1940లలో తయారుచేసింది. మన నీలం బిళ్ళలో ఐరన్‌తో పాటు ఉండేది అదే.

చెల్లెళ్ళూ, మన ఇళ్ళల్లో ఆడపిల్ల నీరసంగా ఉందంటే పని ఎగ్గొట్టడానికి అనుకుంటారు. అమ్మ నీరసంగా ఉందంటే అసలు ఎవరూ వినిపించుకోరు. మనం చదువుకున్నది ఉద్యోగం కోసమే కాదు, ఇలాంటప్పుడు ఇంట్లో ఒక కాగితం చదివి చెప్పడానికి కూడా. పక్క మంచం మీద అమ్మాయి బలపం కొరుకుతుంటే వెక్కిరించకండి, వార్డెన్ మేడం గారికి చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ హాస్టల్ మమ్మల్ని ఇంతవాళ్ళను చేసింది.  మీరందరూ ఆరోగ్యంగా ఉండి, మాకంటే పెద్ద చదువులు చదవాలని మనసారా కోరుకుంటున్నాం.

– మీ అక్కలు