రిపోర్టు ఎవరు రాయాలి?



ఎక్కడైనా ఆడపిల్లకు అన్యాయం జరిగిందన్న వార్త మన గ్రూపులో పడితే, గంట తిరక్కముందే కింద నలుగురైదుగురు ఒకే మాట రాస్తారు: "వీళ్ళకు కోర్టులెందుకు? హైదరాబాద్‌లో చేసినట్టు చెయ్యాలి." ఆ కోపం మాకు అర్థమవుతుంది. పీణ్యలో మన ఇళ్ళ ఆడపిల్లలు ఎంతమంది గార్మెంట్స్‌కు వెళ్ళి చీకటి పడ్డాక వస్తారో అందరికీ తెలుసు. బస్సు కాస్త ఆలస్యమైతే తల్లి గేటు దగ్గరే నిలబడి ఉంటుంది. అందుకే ఆ "హైదరాబాద్‌లో చేసినట్టు" అన్న మాట గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం. పొడుగైతే ఓర్చుకోండి.

మేం చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడిన భాష. అక్షరాలు స్టేషన్ బోర్డులు చూసి పట్టుకున్నవి. ఇప్పటికీ పొద్దున తమిళ పేపరు, సాయంత్రం తెలుగు ఛానెల్. రెండు వైపులా చూడటంతో కొన్ని తేడాలు కంటబడతాయి.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలిని నలుగురు ఎత్తుకుపోయారు. ఆమె శరీరం కాలిపోయి షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద దొరికింది. మనం ఊళ్ళకు వెళ్ళివచ్చే బెంగళూరు హైవే అదే. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులనూ పోలీసులు ఆ దగ్గరే కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని తమపై కాల్పులు జరిపారని చెప్పారు. జనం వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లారు, మిఠాయిలు తినిపించారు, రాఖీలు కట్టారు. ఛానెళ్ళు రోజంతా పండగ చేశాయి. ఇక్కడ మన టీ కొట్ల దగ్గర కూడా అదే సంబరం.

ఆ పూల కింద ఒక సంగతి కప్పడిపోయింది. కూతురు కనపడటం లేదని ఇంటివాళ్ళు ఆ రాత్రి పోలీసుల దగ్గరికి వెళితే, పరిధి మాది కాదని తిప్పారు. కేసు నమోదులో ఆలస్యం చేశారని ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళు సస్పెండ్ కూడా అయ్యారు. కఠినమైన పోలీసింగ్ అంటే మా దృష్టిలో ఆ రాత్రి వెంటనే జీపు కదలడం. తొమ్మిది రోజుల తర్వాత పేలిన తుపాకీ ఆ అమ్మాయికి ఏ విధంగానూ సాయపడలేదు.

రైల్వేలో గుమాస్తాగా ఫైళ్ళు మోసిన వాళ్ళం కాబట్టి మాకు తెలిసిన ఒక లెక్క చెప్తాం. రైలు ప్రమాదంలో ప్రాణాలు పోతే పెద్ద విచారణ చేసేది కమిషనర్ ఆఫ్ రైల్వే సేఫ్టీ. ఆయన రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. ఎందుకంటే ఎవరి పనిలో మనిషి చచ్చిపోయాడో వాళ్ళే రిపోర్టు రాసుకుంటే దాన్ని ఎవరూ నమ్మరు. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల గురించీ ఇదే చెప్పింది. సీఐడీ గానీ, వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. వెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వకూడదు.

చటాన్‌పల్లి మీద సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేసింది. 2022 మే 20న ఆ రిపోర్టు బయటికొచ్చింది. తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మదగినది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులపై హత్య కేసు నడపాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదని కూడా ఉంది. డిసెంబర్ 6న ఛానెళ్ళు ఎన్ని గంటలు ఇచ్చాయి, ఈ రిపోర్టుకు ఎన్ని నిమిషాలు ఇచ్చాయి, మీరే గుర్తు తెచ్చుకోండి.

వాళ్ళు నారాయణపేట జిల్లా నుంచి వచ్చి లారీల మీద పనిచేసేవాళ్ళు. పీణ్యలో లారీల దగ్గర నిలబడే మన పాలమూరు, అనంతపురం పిల్లల వయసు, మన పిల్లల పని. నేరం వాళ్ళదే అయితే శిక్ష పడాల్సిందే. కానీ సాక్ష్యం కోర్టుకు ఎక్కలేదు. ఆ తల్లిదండ్రులకు న్యాయస్థానంలో దక్కాల్సిన తీర్పు కూడా దక్కకుండా పోయింది. రేపు కన్నడం సరిగ్గా రాని మన కుర్రాడెవరినైనా అనుమానంతో పట్టుకుంటే, వాడి తరఫున మాట్లాడటానికి మనకు మిగిలేది ఆ కోర్టు ఒక్కటే.

ఆరు నెలల తర్వాత, 2020 జూన్‌లో, తమిళ పేపర్లలో సాత్తాన్‌కుళం. లాక్‌డౌన్‌లో కొట్టు తెరిచి ఉంచారని తీసుకెళ్ళిన తండ్రీకొడుకులు పోలీసు దెబ్బలకు చనిపోయారు. ఊళ్ళలో కొట్లు మూసేశారు. మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ పోలీసు స్టేషన్‌నే రెవెన్యూ అధికారుల చేతికి అప్పగించింది. లాఠీ అదే, యూనిఫారం అదే. ఒకచోట పూలు, ఒకచోట బంద్. దెబ్బ తిన్నది మన మనిషి అనిపించిందా లేదా అన్నదే తేడా.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. ఫిలిప్పీన్స్‌లో 2016లో దుతెర్తె అధ్యక్షుడై మాదకద్రవ్యాల పేరుతో కాల్పులు మొదలుపెట్టాడు. ఆ ఏడాది చివర అక్కడి సోషల్ వెదర్ స్టేషన్స్ సర్వే చేస్తే నూటికి 85 మంది బాగుందన్నారు. అదే సర్వేలో 78 మంది, తమకో తమవాళ్ళకో అదే గతి పడుతుందేమోనని భయమన్నారు. మరుసటి ఏడు పదిహేడేళ్ళ కుర్రాణ్ణి కాల్చి, తుపాకీ తీశాడని పోలీసులు చెప్పారు. వాణ్ణి ఈడ్చుకెళ్ళడం వీధి సీసీటీవీలో కనపడింది. 2018లో ముగ్గురు పోలీసులకు శిక్ష పడింది.

మరి ఛానెళ్ళను ప్రభుత్వం కట్టడి చేస్తే సరిపోతుందా అని మన సభ్యులు కొందరు అడుగుతున్నారు. మాకు ఆ నమ్మకం లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 938, 2019 అక్టోబర్‌లో ఆంధ్రలో జీవో 2430. రెండూ ప్రభుత్వం మీద రాసినవాళ్ళపై కేసులు పెట్టడానికే. బాధితురాలి పేరు, ఫొటో వేయకూడదని చట్టం అప్పటికే ఉంది. అయినా ఆ అమ్మాయి పేరు, ఫొటో ఊరూరా తిరిగాయి. ప్రెస్ కౌన్సిల్ పేపర్లను మందలించగలదు. టీవీలు దాని పరిధిలోనే లేవు. ప్రభుత్వం చేతికి కళ్ళెం ఇస్తే అది తనకు నొప్పి కలిగించిన చోటే లాగుతుంది.

కాబట్టి మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. బాధితుల పేరు, ఫొటో గ్రూపులో పెట్టవద్దు. "పోలీసులు చెప్పారు" అన్నదాన్ని "జరిగింది" అని ఫార్వర్డ్ చేయవద్దు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, పరిధి కాదని తిప్పి పంపకూడదు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఈ మాట, 112 నంబరు, మన గార్మెంట్స్ అక్కచెల్లెళ్ళందరికీ నోటికి రావాలి. వచ్చే మీటింగులో ఒక అరగంట దీనికి కేటాయించమని కార్యదర్శి గారిని కోరుతున్నాం. ఒప్పుకోని వాళ్ళు కింద రాయండి, తప్పకుండా చదువుతాం.