మాకూ ఒక రాజు కావాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో మాకు రెండు రోజులు తోచలేదు. ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో మాకు వచ్చిన సెమినార్ అంశం ‘స్వపరిపాలనకు, రాజ్యాంగబద్ధ స్వేచ్ఛకు బైబిల్లో ఉన్న మూలాలు’. దానికోసం లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే మాటిమాటికీ మన హాస్టల్ వంటగదే గుర్తొచ్చింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మెస్ లీడర్ నెలకొకరు మారేవారు. సాంబారు నీళ్లలా ఉండేది. గుడ్డు పెట్టే రోజు చివరి వరసకు వచ్చేసరికి గుడ్లు అయిపోయేవి. నెల లీడర్ వెళ్లి అడిగితే వంటగదిలో ఎవరూ లెక్కచేసేవారు కాదు. పక్క మండలం హాస్టల్లో ఏడాదంతా ఒక్కడే లీడరనీ, వాడంటే అందరికీ హడలనీ విన్నాం. మాకూ అలాంటివాడు కావాలనిపించింది. పదో తరగతి అన్న ఒకర్ని ఏడాది పొడవునా లీడర్‌గా ఉంచాలని కాగితం రాసి, అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. దస్తూరి బాగుంటుందని ఆ కాగితం రాయించింది ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న చేతితోనే.

సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం చదివినప్పుడు మాకు ఒళ్లు ఝల్లుమంది. ఇశ్రాయేలు పెద్దలు వృద్ధుడైన సమూయేలు దగ్గరకు వచ్చి, చుట్టుపక్కల జనాలందరికీ ఉన్నట్టే తమకూ రాజు కావాలంటారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. న్యాయాధిపతులుగా ఉన్న సమూయేలు కొడుకులిద్దరూ లంచాలు తింటున్నారు. సమూయేలు వాళ్లను కాదనకుండా, రాజు వస్తే ఏం జరుగుతుందో ఒక్కొక్కటే చెబుతాడు. మీ కొడుకుల్ని రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ కూతుళ్లతో వంట చేయించుకుంటాడు, మంచి పొలాలు, ద్రాక్షతోటలు తీసుకుని తన మనుషులకిస్తాడు, పంటలో పదోవంతు పట్టుకుపోతాడు, చివరికి మీరే అతని దాసులవుతారు అని. అంతా విని కూడా జనం రాజే కావాలన్నారు.

మాకైతే అలా హెచ్చరించినవాళ్లు లేరు. మొదటి నెల సాంబారు చిక్కబడింది, అందరికీ గుడ్డు అందింది. రెండో నెల నుంచి అన్న బకెట్ మేమే నింపాం. తర్వాత బట్టలు ఉతికాం. కాస్మొటిక్ ఛార్జీలతో కొనుక్కున్న సబ్బుల్లో ఒకటి ఆయన ట్రంకు పెట్టెలోకి వెళ్లేది. ఒకడు ఎదురు చెబితే, “సంతకం పెట్టింది నువ్వు కాదట్రా?” అన్నాడు. ఆ రాత్రి ఎవరూ మాట్లాడలేదు.

ద్వితీయోపదేశకాండము పదిహేడో అధ్యాయంలో రాజుకు కొన్ని షరతులున్నాయి. గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు మితిమీరి పోగుచేసుకోకూడదు. సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బతికినంతకాలం చదువుకోవాలి. తన సోదరుల మీద గర్వించకూడదు. రాజు మాటే చట్టమనే కాలంలో, రాజుకు పైన ఒక చట్టం పెట్టడం చిన్న సంగతి కాదు.

ఇది నిజంగా పనిచేసిందా అంటే నాబోతు కథ చూడాలి. ఈ కథ మాకు మొదట చెప్పింది మా నాయనమ్మ. ఆమెకు అక్షరం రాదు, చర్చిలో విన్నది విన్నట్టు చెప్పేది. “రాజే వచ్చి డబ్బులిస్తానన్నా ఇయ్యలేదురా, తాతల నాటి నేల!” అని ఆమె అనడంలో ఒక గర్వం ఉండేది. మాకు సెంటు భూమి లేదు, అయినా ఆ గర్వం ఎక్కణ్ణుంచి వచ్చేదో. నాబోతు కాదంటే అహాబు రాజు అన్నం మానేసి మంచమెక్కాడు. తోటను ఊరికే లాక్కోలేకపోయాడు! రాణి యెజెబెలు కూడా ఇద్దరు దొంగ సాక్షుల్ని పెట్టి, పెద్దల ముందు విచారణ జరిపించి, రాళ్లతో కొట్టించాల్సి వచ్చింది. చట్టం నాబోతును కాపాడలేదు. కానీ హంతకులు కూడా చట్టం ముసుగు వేసుకోక తప్పలేదు. తర్వాత ఏలీయా ప్రవక్త ఆ తోటలోనే రాజును నిలదీశాడు.

ఈ కథలు రెండువేల ఏళ్లు దాటాక మళ్లీ రాజకీయాల్లోకి వచ్చాయి. స్కాట్లాండుకు చెందిన శామ్యూల్ రూథర్‌ఫర్డ్ 1644లో ‘లెక్స్, రెక్స్’ రాశాడు. చట్టం, రాజు అని అర్థం. చట్టమే ముందు. 1660లో రాజరికం తిరిగి రాగానే ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు. అమెరికాలోని కనెక్టికట్‌లో థామస్ హుకర్ అనే పాస్టర్ 1638లో, మోషే తన జనంతో మీ గోత్రాల్లోంచి తెలివైనవాళ్లను ఎంచుకోండని చెప్పిన మాట తీసుకుని, అధికారానికి పునాది ప్రజల సమ్మతే అని ప్రసంగించాడు. మరుసటి ఏడాది ఆ వలస రాసుకున్న పాలనా నియమాల్లో ఒకే మనిషిని రెండేళ్లలో ఒకసారికి మించి గవర్నర్‌గా ఎన్నుకోకూడదని ఉంది. ఇది చదివి మేము లైబ్రరీలోనే నవ్వుకున్నాం. థామస్ పెయిన్ 1776లో ‘కామన్ సెన్స్’లో రాజరికాన్ని ఎండగట్టడానికి సమూయేలు మాటలే తెచ్చాడు. ఆయనే తర్వాత ‘ఏజ్ ఆఫ్ రీజన్’లో బైబిల్‌ను తూర్పారబట్టాడు, అది వేరే సంగతి.

అంతా బైబిల్లోంచే వచ్చిందనేవాళ్లతో మేము ఏకీభవించం. గ్రీకు, రోమన్ ఆలోచనలున్నాయి, 1215 నాటి మాగ్నా కార్టా ఉంది. పైగా బైబిల్ చదివిన ఆ వలసల్లోనే మనుషుల్ని కొని అమ్మారు. లేవీయకాండములో పరదేశుల్ని బానిసలుగా ఉంచుకోవచ్చన్న మాట వాళ్లకు ఆసరా అయింది. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని అచ్చువేసిన బైబిల్లో, ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథే తీసేశారు. ఆ కథకు ఎంత బలముందో తీసేసినవాళ్లకే బాగా తెలుసు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు మన బౌద్ధ సంఘాల్లోనే సభా నియమాలుండేవని గుర్తుచేశారు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని కూడా ఆ ప్రసంగంలోనే హెచ్చరించారు. ఏటా ఆయన జయంతికి హాస్టల్లో మేము ఉపన్యాసాలిచ్చాం, బహుమతులు తీసుకున్నాం. ఆ తర్వాతే ఆ కాగితం రాశాం.

ఆ అన్న పరీక్షలు రాసి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది మళ్లీ నెలకొకరు ఉండాలా, ఒక్కడే ఉండాలా అని స్టడీ అవర్‌లో గొడవైంది. నెల లీడరైతే వంటగదిలో మాట వినరని సగంమంది అన్నారు. చేతులెత్తించి లెక్కపెడితే, నాలుగు చేతుల తేడాతో నెలకొకరు అని తేలింది. చీటీలు వేస్తే మొదటి నెల మా పేరే వచ్చింది. గుడ్డు రోజున ట్రేలు లెక్కపెడితే పదకొండు తక్కువ. వంటగది తలుపు దగ్గర నిలబడి, లోపలికి వెళ్లి అడగడానికి చాలాసేపు పట్టింది.