ఉగాది సెలవుల్లో పైఠణ్

మా ఊరు నాందేడ్. గోదావరి మా ఊరిని ఒరుసుకుంటూ పారుతుంది. ఈ నదికి దిగువన బాసర ఉంది, ఎగువన పైఠణ్ ఉంది. బాసరకు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. మా పిల్లలిద్దరికీ అక్షరాభ్యాసం అక్కడే జరిగింది. పైఠణ్ మాత్రం, నాకు యాభై ఏళ్ళు దాటినా, చూడనేలేదు. తెలుగు ఎం.ఏ. చదివి, శాతవాహనుల గురించి ఏటా పిల్లలకు చెప్పే నాకు ఇది కొంచెం సిగ్గుగానే ఉండేది.

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారంనాడు వచ్చింది. మరునాడు రంజాన్ సెలవు. శనివారాన్ని కూడా కలుపుకుంటే మూడు రోజులు. పుణేలో ఉద్యోగం చేసే మా అబ్బాయి నేరుగా వచ్చి దారిలో కలుస్తానన్నాడు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి "మూడు రోజుల సుట్టీ!" అని గెంతింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల నోట సెలవు 'సుట్టీ' అయిపోతుంది. నేను దిద్దడం మానేసి చాలా కాలమైంది.

ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రయాణం రాయడం మొదలుపెట్టాను. శనివారం తెల్లవారుజామున రైలు. పూర్ణా, పర్భణీ, జాల్నా మీదుగా నాలుగైదు గంటల్లో ఛత్రపతి సంభాజీనగర్. 2023 దాకా దాని పేరు ఔరంగాబాదు. మా ఇంట్లో ఇంకా ఆ పేరే అంటారు. ఆ మధ్యాహ్నం ఎల్లోరా గుహలు. వాటికి మంగళవారం సెలవు గనుక శనివారం వెళ్తే చిక్కులేదు. ఆదివారం బస్సులో సుమారు 50 కిలోమీటర్లు పోతే పైఠణ్. అక్కడ ఏకనాథుని సమాధి, జాయక్‌వాడీ జలాశయం. ఏకనాథ షష్ఠి ఉత్సవాలు ఉగాదికి తొమ్మిది పది రోజుల ముందే వస్తాయి కాబట్టి జనసమ్మర్దమూ ఉండదు. పైగా శాలివాహన శకం 1947వ సంవత్సరం మొదలయ్యే రోజున ప్రతిష్ఠానపురంలోనే ఉంటాం! క్రీ.శ. 78లో మొదలైన ఆ శకానికి శాలివాహనుడి పేరు తరువాతి కాలంలో చేరిందని చరిత్రకారులు చెబుతారు. అయినా నా ఉత్సాహం తగ్గలేదు.

రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఊరికే చదివితే ఉపాధ్యాయుణ్ణి ఎందుకవుతాను? కొంత చరిత్ర కూడా చెప్పాను. కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయనీ, అక్కడినుంచి పైఠణ్ దాకా ఈ గోదావరి ఒడ్డంతా వారి రాజ్యమేననీ, మన నాందేడ్ నడుమ ఉందనీ చెప్పాను. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే వర్తకుల గ్రంథంలో పైఠణ్ ప్రస్తావన ఉంది. భరూచ్ రేవు నుంచి దక్షిణంగా ఇరవై రోజుల ప్రయాణమనీ, అక్కడి నుంచి బండ్ల మీద, సరైన బాటలు లేని చోట్ల గుండా, రంగురాళ్ళు రేవుకు చేరేవనీ అందులో రాశారు.

"వాళ్ళూ మీలాగే నోటు పుస్తకంలో రాసుకున్నారన్నమాట" అంది మా అమ్మాయి.

హాలుడు కూర్చిన 'గాథాసప్తశతి' ప్రాకృత గ్రంథమైనా, అందులో 'అత్త', 'పొట్ట' వంటి మాటలు కనిపిస్తాయని కూడా చెప్పాను. ఇంతలో మా ఆవిడ అందుకుంది.

"సప్తశతిలో అత్త సంగతి సరే. మన ఇంట్లో అత్తయ్య మాటేమిటి? మీరు టికెట్లు నాలుగే రాశారు."

నిజమే, నాలుగే రాశాను. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. రెండేళ్ళుగా కళ్ళలో నీటికాసులు. ఈ జబ్బులో చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవడానికి రోజూ చుక్కల మందు వేయాలి. ఎండలో, బస్సుల్లో ఆమెను తిప్పడమెందుకు, పక్కింటివారిని చూసుకోమందామనుకున్నాను. ఆమెతో ఒక్క మాటయినా అనలేదు.

అమ్మ మూలన పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ పని ఆమె ఇప్పుడు చూసి కాదు, తడిమి చేస్తుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"పైఠణ్‌ల మగ్గం చూస్తరా?"

"చీరల దుకాణం చూస్తాం అమ్మా."

"చీరెలు కాదు బిడ్డా, మగ్గం. అయినా శనివారం అమాస, ఆదివారం పండుగ. అమాసనాడు మగ్గం ఎవలు నేస్తరు?"

నేను ఎల్లోరా సెలవు దినం చూశాను గాని అమావాస్య చూడలేదు. చేనేత ఇంటి ఆడబిడ్డ కడుపున పుట్టి, మగ్గాలకు అమావాస్య సెలవని మరిచిపోయాను.

అమ్మ పుట్టిల్లు ఆర్మూరు దగ్గర ఒక పల్లె. మా తాతది గుంట మగ్గం. అమ్మ చిన్నప్పుడు ఆసు పోసింది, కండెలు చుట్టింది. మా నాన్న మిల్లు పని కోసం నాందేడ్ వచ్చాక ఆమె మగ్గం ముఖం చూడలేదు. పైఠణీ చీర కొంగు మీద నెమళ్ళు ముందువైపు ఎలా ఉంటాయో వెనుకవైపూ అలాగే ఉంటాయని ఎవరో చెబితే, మా తాత నమ్మలేదట. పేక దారాన్ని ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చిన్న కండెతో, చేత్తో పెనవేస్తూ నేస్తే అలా వస్తుందని నేను పుస్తకంలో చదివాను. తాత చదవలేదు, చూడలేదు. ఒక్కసారి పైఠణ్ పోయి చూసి వస్తానంటూనే ఆయన వెళ్ళిపోయాడు.

"ఎదురుంగ కూసుంటే నడుమ నడుమ ఇంకా ఆనుతది బిడ్డా" అంది అమ్మ. ఆపైన ఏమీ అనలేదు. మళ్ళీ గింజలు తీయసాగింది.

కాగితం చించి కొత్తది రాశాను. ఉగాది మన ఇంట్లోనే. అబ్బాయి నాందేడే వస్తాడు. ఆదివారం పచ్చడి, భోజనం అయ్యాక రైలు. ఆ రాత్రి ఔరంగాబాదులో కింది అంతస్తు గది. సోమవారం ఉదయం పైఠణ్, సాయంత్రం తిరుగు ప్రయాణం. అబ్బాయి అటునుంచి అటే రాత్రి బస్సులో పుణే వెళ్ళిపోతాడు. ఎల్లోరాకు చోటు లేదు. మా అమ్మాయి కైలాస దేవాలయం బొమ్మను తన పుస్తకంలో అంటించుకుని ఉంది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మరునాడు కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఆమె కోపంలో న్యాయం ఉంది. నేను సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు.

ఇంకొక చిక్కు. సోమవారం రంజాన్ సెలవు, ప్రభుత్వ కేంద్రాలు మూసి ఉంటాయి. ఇంట్లో మగ్గం ఉన్నవారే కావాలి. పైఠణ్‌లో పనిచేసిన మిత్రుడొకరి ద్వారా ఒక నేతకారునితో ఫోనులో మాట్లాడాను. "మా మగ్గం ఆరోజు ఆడుతుంది, ఆజీని తీసుకురండి" అన్నాడాయన మరాఠీలో. ఆజీ అంటే నానమ్మ అని మీకు తెలుసు.

బయలుదేరే ముందురోజు సామాన్లు సర్దుతూ, చుక్కల మందు వేళలు కూడా ఆ కాగితంలోనే రాశాను. అమ్మ మా అమ్మాయిని పిలిచి చదవమంది. అది ముఖం ముడుచుకునే చదివింది. అమ్మ మళ్ళీ చదవమంది. ఈసారి కొంచెం నెమ్మదిగా చదివింది.

"సోమవారం, పది గంటలకు, మగ్గం."

"పది వద్దు, ఎనిమిది రాయి" అంది అమ్మ. "పొద్దటి వెలుగుల పట్టు రంగు మంచిగ కనబడ్తది."

అమ్మాయి నా చేతిలోని కలం తీసుకుని పదిని కొట్టేసి ఎనిమిది రాసింది.